బావగారి చిన్న డౌటు

సోదరులారా, సోదరీమణులారా, తెలియని సంగతిని తెలియదని ఒప్పుకొని, నోరు తెరిచి అడిగి మీకు ఎన్నాళ్లయింది? ఆ పని రోజూ చేసిన మనిషి మొన్న మంగళవారం ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. మా అక్క భర్త, మా బావగారు. యూనివర్సిటీ ల్యాబులో పనిచేస్తూనే గుండె ఆగింది.

నేను ఏ బైబిలు కాలేజీలోనూ చదవలేదు. ఈ పరాయి దేశంలో, మన నోవై ఊళ్లో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో షిఫ్టు, ఆదివారం తెలుగు ఆరాధనలో వాక్యం. అయినా బావగారు నన్ను పాస్టరుగారూ అనే పిలిచేవారు, సగం వేళాకోళంగా. ప్రసంగం ముగిసీ ముగియకముందే రెండో వరసలోంచి ఆయన చెయ్యి లేచేది. "చిన్న డౌటు..."

ఆ మాటే ఒకసారి ఆయన్ని ముంచబోయింది.

ఎనభైల మొదట్లో ఆయన లోహాల మీద పీహెచ్‌డీ ముగించారు. వేసవి లోపల పోస్ట్‌డాక్, అంటే ఏదో ఒక ప్రొఫెసరు దగ్గర రీసెర్చి ఉద్యోగం, దొరకాలి. లేకపోతే వీసా అయిపోతుంది, అక్కా ఆయనా పెట్టెలు సర్దుకోవలసిందే. నేనూ వాళ్ల అపార్ట్‌మెంట్‌లోనే ఉండేవాణ్ని. అయ్యా నన్ను కరుణించండి అన్న ధోరణిలో టైపు చేసిన ఉత్తరాలు దేశమంతా పంపారు. ఫండ్స్ లేవని మర్యాదగా జవాబులొచ్చేవి. నేను ఉపవాసముండి ప్రార్థించాను. ఆయన లైబ్రరీలో కూర్చున్నారు.

అక్కడ ఒక టెక్నికల్ యూనివర్సిటీ ప్రొఫెసరు రాసిన పేపరు చదువుతూ ఉద్యోగం సంగతే మరిచిపోయారు. కాల్చి చల్లార్చిన ఉక్కులో పగులు సరిగ్గా ఆ ఒక్క చోటే ఎందుకు మొదలైందో బావగారికి అంతుపట్టలేదు. వెంటనే ఉత్తరం రాశారు: మీ పేపరులో నాకొక డౌట్ ఉంది.

మన కాలేజీల్లో డౌటంటే ప్రశ్న. ఇక్కడి ఇంగ్లీషులో డౌటంటే నీ మాట నమ్మను అని. వారం తిరక్కుండా ఆ ప్రొఫెసరే ఫోన్ చేసి, నా రిజల్ట్ తప్పంటావా అని గద్దించాడు. తప్పని కాదు సార్, తెలుసుకుందామని, అంటూ బావగారు చెమటలు తుడుచుకున్నారు.

అక్క తల పట్టుకుంది. "ఉద్యోగం అడగండి మహాప్రభో అంటే తగువు పెట్టుకున్నారా?"

ఫోన్‌లో ప్రొఫెసరు మాత్రం, ఆ పగులు సంగతి నాకూ తెలీదు, వచ్చి చూడు, అన్నాడట. మంచులో నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. పొద్దున లోపలికి వెళ్లిన బావగారు సాయంత్రం చేతులనిండా కొలిమి మసితో వచ్చి కారెక్కారు. దారంతా పగులు కబుర్లే. ఉద్యోగం ఇచ్చారన్న మాట సగం దూరం వచ్చాక గానీ ఆయనకు గుర్తు రాలేదు.

తర్వాత పోస్ట్‌డాక్ వెతుక్కుంటూ ఇంటికొచ్చిన ప్రతివారికీ అన్నం పెట్టి ఒకటే చెప్పేవారు. "ఉద్యోగం అడక్కండి. వాళ్ల పని చదివి డౌట్ అడగండి."

నాకది మింగుడుపడేది కాదు. సందేహం పాపమని బల్ల గుద్ది చెప్పేవాణ్ని. ప్రభువు తిరిగి లేచాడంటే గాయాలు చూస్తేగానీ నమ్మనన్న శిష్యుడు తోమాను ఉతికి ఆరేసిన ఒక ఆదివారం ఆ చెయ్యి మళ్లీ లేచింది. "చిన్న డౌటు, పాస్టరుగారూ. లేచిన ప్రభువు మొదటిసారి శిష్యుల దగ్గరికి వచ్చిన సాయంత్రం తోమా గదిలో లేడు కదా. ఎక్కడికెళ్లినట్టు?"

లేఖనంలో లేదు. అది ఒప్పుకోలేక, కూర్చోండి బావగారూ, అన్నాను. నవ్వి కూర్చున్నారు. అదే ఆయన చివరి ఆదివారం.

బావగారూ, నాకు తెలియదు. అడిగిన తోమాను ప్రభువు వెళ్లగొట్టలేదు, వేలు ఇటు చాపమని గాయం చూపించాడు. అంతవరకే తెలుసు. రెండో వరసలో సగం లేచిన చెయ్యి, గోళ్ల సందుల్లో మసి, నాకింకా కనబడుతూనే ఉన్నాయి.

మీరు అడగవలసిన మనిషి ఇంకా బతికే ఉంటే వచ్చే ఆదివారం దాకా ఆగకండి. ఉత్తరం రాయండి, ఫోన్ తీయండి. ఇవాళే చెయ్యెత్తండి.