మూత పెట్టిన గొట్టం

మా బావ గాలి కొలిచే మనిషి. ఆ మాట చెబితే కొత్తవాళ్ళు నవ్వుతారు, "గాలిని కొలవడమేమిటమ్మా, పాలా నూనా?" అని. అక్కను చేసుకున్న కొత్తలో నేనూ నవ్వాను. తర్వాత ఆయన వెంటపడి ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాను. అడగడం నా జబ్బు.

కాలుష్యం చూసే ఆఫీసులో ఆయనది నిచ్చెన ఎక్కే ఉద్యోగం. ఊరి మధ్య పార్కులో బీరువా అంత యంత్రం ఒకటి ఉంది. అది పగలూ రాత్రీ గాలి పీల్చి లెక్క చెబుతుంది. ఊరంతటికీ అదొక్కటే. మిగతా వీధుల సంగతి ఆఫీసులో కంప్యూటర్ అంచనా కడుతుంది. ఎన్ని బళ్ళు తిరుగుతాయి, గాలి ఎటు వీస్తుంది, మేడలు ఎంత ఎత్తు అన్నీ వేసుకుని, ఫలానా వీధిలో పొగ ఇంత ఉండాలి అంటుంది. దాన్ని వాళ్ళు మోడల్ అంటారు. ఎంతైనా అంచనా అంచనాయే కదా. అది నిజమో కాదో చూడ్డానికి బావ వీధుల్లో వేలెడంత ప్లాస్టిక్ గొట్టాలు కట్టి వస్తాడు. గొట్టం పై కొనలో మందు పూసిన చిన్న జాలీ ముక్క ఉంటుంది. కింది మూత తీసి వేలాడదీస్తే బళ్ళ పొగ మెల్లగా లోపలికి ఎక్కి ఆ మందుకు అంటుకుంటుంది. నెల తర్వాత మూత పెట్టేసి పరీక్షకు పంపుతారు. ఇదీ ఆయన పని. వీధిలో అందరూ ఆయన్ని గొట్టాలాయన అనేవారు.

మనిషి మాటకారి కాదు. ఆఫీసు ఊసు ఇంట్లో ఎత్తడు. "ఆకలేస్తోందని కూడా మనమే కనిపెట్టాలి" అని అక్క విసుక్కునేది, విసుక్కుంటూనే కనిపెట్టేది. నాది పూర్తిగా వేరే తంతు. నా నోట్లో నువ్వుగింజ నానదు. వాళ్ళది పై వాటా. నేను కింది వాటాలో కుట్టుమిషన్ పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళ మీద నోరు పారేసుకుంటూ బతికేదాన్ని.

మా వీధి ఇరుకు. రెండు వైపులా మేడలు. గోదాముల నుంచి వచ్చే లారీలన్నీ దగ్గర దారని మా వీధిలోనే పడేవి. మలుపు దగ్గర ఆగి, మూలిగి, నల్లటి పొగ కక్కి కదిలేవి. పొద్దున ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఎవరిదో పోల్చుకోలేకపోయేవాళ్ళం. అక్కకు అప్పటికే ఆయాసం. ఆ వీధి మారిపోండి అన్నాడు డాక్టరు. ఇల్లు మారడమంటే చొక్కా మార్చడమా? మంచి గాలి ఉన్నచోట అద్దెలు మాకు అందేవి కావు. ఊరి పెద్దలను అడిగితే, "లెక్క హద్దు దాటిందని చూపించండి, లారీలను బయటి రోడ్డుకు మళ్ళిస్తాం" అన్నారు. మోడల్ లెక్కలో చూస్తేనేమో మా వీధి హద్దు లోపలే ఉంది.

బావ ఆఫీసులో ఆ లెక్కలు చూసే మేడమ్ మంచిది. "మీ వీధి మీద నాకూ అనుమానమే. మేడల మధ్య పొగ కదలకుండా నిలిచిపోతోందేమో, మోడల్‌కు అది అందడం లేదేమో. ఒక గొట్టం కట్టి చూడండి" అంది. స్తంభానికి కడితే ఎవరో ఒకరు పీకేస్తారని బావ తమ కిటికీ బయటే కట్టాడు. అక్క రోజంతా కుర్చీ వేసుకుని కూర్చునే కిటికీ అది. ఇక లారీల పీడ వదిలినట్టేనని అక్క ఎంత సంబరపడిందో!

నెల దాకా దాని జోలికి పోనక్కర్లేదని బావ మళ్ళీ అటు చూడలేదు. నెల తిరిగింది. బావ గొట్టం విప్పే వేళకు నేనూ అక్కడే ఉన్నాను. గొట్టానికి మూత బిగించి ఉంది.

"ఇదెవరు పెట్టారు?" అన్నాడు బావ.

అక్క ముఖం వెలిగిపోయింది. "ఇంకెవరు, నేనే! మీరు కట్టిన రోజే చూశాను. మూత కిటికీ దగ్గరే మరిచిపోయి వెళ్ళారు. ఈ లారీల దుమ్మంతా లోపల పడితే రేపు మీ మీదకు రాదూ? వెంటనే పెట్టేశాను. రోజూ తుడుస్తున్నాను కూడా. ఒక్క నలుసు పడనిస్తేనా!"

నా నోరు తెరుచుకుంది. బావ నా వంక ఒక్క చూపు చూశాడు. అంతే, మూసుకున్నాను. ఆయన ఆ గొట్టాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "మంచి పని చేశావే. అద్దంలా ఉంది" అన్నాడు.

మెట్ల మీద పట్టుకున్నాను ఆయన్ని. "ఏం బావా, బుద్ధుందా నీకు? అది ఇప్పుడు దేనికి పనికొస్తుంది? చెప్పొద్దూ?"

"ఎలా చెప్పను అమ్మాయ్? లారీలు పోతాయని గంపెడాశ పెట్టుకుంది. నీ చేత్తో నువ్వే చెడగొట్టావని చెబితే ఆ బెంగతోనే సగమైపోతుంది. ఆఫీసులో ఉన్నదున్నట్టు చెబుతా, మేడమ్ మళ్ళీ కట్టమంటుంది. మీ అక్కతో మాత్రం నువ్వేం అనకు."

"కుట్టేసుకుంటాలే నోరు, అదేగా నా వృత్తి" అన్నాను.

నిజంగానే మేడమ్ కోప్పడలేదు. ఆ గొట్టాన్ని పక్కన పడేసి, ఈసారి వీధి పొడవునా ఆరేడు ఇళ్ళకు కట్టమంది. మూతలు పోతున్నాయని ఏ గొట్టం మూతను దానికే దారంతో వేలాడదీయమంది. బావ కట్టి వచ్చాడు. తమ కిటికీకి ఈసారి వద్దన్నారని అక్కతో అబద్ధమాడాడు.

ఆ నెలలో అక్క చాలాకాలానికి ఇల్లు కదిలింది. మెట్టు మెట్టుకూ ఆగి ఊపిరి తీసుకుంటూ, గోడ పట్టుకుని, ఒక రోజు ఎదురింటికి, ఒక రోజు పక్కింటికి వెళ్ళి వచ్చేది. "నలుగురినీ పలకరించి వస్తానే" అనేది. మనిషి కోలుకుంటోందని నేను మురిసిపోయాను.

గడువు ముగిసి బావ వెళ్తే, ఎదురింటి గొట్టానికి మూత. పక్కింటిదానికీ మూత. మూలింటావిడ అయితే మూత మీద పాలిథిన్ సంచీ కప్పి, పైన రబ్బరు బ్యాండ్ కూడా వేసింది. "మీ ఆవిడ ఇల్లిల్లూ తిరిగి చెప్పిందండీ, మీకు మాట రాకూడదని. పాపం, రెండు మాటలకోసారి దగ్గుతూనే చెప్పింది. కంటికి రెప్పలా చూసుకున్నాం" అందట. ఈ మనిషి ఆవిడకు దండం పెట్టి వచ్చాడు.

తిన్నగా నా దగ్గరకు వచ్చి బట్టల కుప్ప పక్కన కూలబడ్డాడు. "ఎన్ని చెడ్డాయి?" అన్నాను. "అన్నీ" అన్నాడు.

నోటికొచ్చినట్టు తిట్టాను. మొదటి రోజే ఒక్క మాట చెప్పి ఉంటే ఈ పాటికి పని అయిపోయేది కాదా అన్నాను. మంచితనం ఉండాలి గానీ మనిషి ఊపిరి మీదకు వచ్చేంత ఉండకూడదు అన్నాను. ఆయన రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. దాంతో నా తిట్లు ఆగిపోయాయి, నేనూ ఏడ్చాను.

ఇక మేడమ్ చేతుల్లో కూడా ఏమీ లేదు. పొగ ఎక్కువగా నిలిచే చలికాలం దాటిపోయింది, ఆ ఏడాదికి ఇచ్చిన గొట్టాలూ అయిపోయాయి. మళ్ళీ చలికాలానికే అంది. అప్పటిదాకా మోడల్ చెప్పిందే లెక్క, లారీలదే వీధి. అక్క మాత్రం బావ గడప తొక్కగానే అడిగేది, "మా గొట్టాలు చూశారా వాళ్ళు?" అని. చూస్తున్నారు అనేవాడు. అంతమంది కష్టపడితే ఇంకా చూడ్డమేమిటని ఆవిడ విస్తుపోయేది.

ఎండలు ముదిరాక అక్కను ఆసుపత్రిలో పెట్టి తీసుకొచ్చాం. ఆ సాయంత్రం మళ్ళీ అదే ప్రశ్న. బావ మంచం అంచున కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని, మూత ఎందుకు తీసి ఉంచాలో మొదటి నుంచీ చెప్పాడు. ఆయన అంతసేపు మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.

అక్క అంతా విని, "అప్పుడే చెబితే ఒక పూట ఏడ్చి ఊరుకునేదాన్ని కదండీ. ఇప్పుడు వీధి వీధంతటికీ చేశాను" అంది.

"తప్పు నాది."

"మీదెలా అవుతుంది, పెట్టింది నేనైతే?"

నేనుండబట్టలేక, "తిలాపాపం తలా పిడికెడు. పుట్టి బుద్ధెరిగాక ఒకే ఒక్కసారి నోరు మూసుకున్నాను. అదీ మూసుకోకూడని చోట" అన్నాను. అక్క నవ్వింది. నవ్వు దగ్గులో కలిసిపోయి ఎంతకీ ఆగలేదు.

మర్నాడు వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిపించింది. దిండుకు ఆనుకుని ఒక్కొక్కరికీ తనే చెప్పుకుంది. "మూత తీసే ఉంచాలమ్మా. దుమ్ము పడితే పడనీ. నా మాట విని అంతా పాడైంది. ఈసారి ఎవరూ ముట్టుకోకండి." మూలింటావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వానలు మొదలైన వారంలో అక్క పోయింది. బావ ఏదో వీధిలో నిచ్చెన మీద ఉన్నాడు. నేను పక్కనున్నాను. "కిటికీ తీయనా అక్కా?" అంటే, "ఆ లారీ పోనీవే" అంది. ఆ లారీ పోయింది, వెనకే ఇంకోటి వచ్చింది. ఊపిరితిత్తులు ఎప్పటినుంచో బాగాలేవని, ఫలానా దానివల్లేనని చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఆయన చెప్పాల్సింది ఆయన చెప్పాడు. నా కడుపు మంట నాకుంది.

చలికాలం వచ్చింది. బావ మళ్ళీ గొట్టాలు కట్టాడు. ఏ ఇంట్లోనూ ఎవరూ మూత ముట్టుకోలేదు. లెక్క హద్దు దాటడమేమిటి, ఎక్కడో ఉంది. మేడమ్ మోడల్‌ను సరిదిద్దింది. మాలాంటి ఇరుకు వీధులు ఇంకా కొన్ని ఊళ్ళో బయటపడ్డాయట. లారీలను బయటి రోడ్డుకు మళ్ళించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

లారీలు ఆగిన రోజు వీధిలో అందరూ కిటికీలు బార్లా తీశారు. గొట్టాలాయన వల్లే అని ఒకరికొకరు చెప్పుకున్నారు. నేను పైకి వెళ్ళాను. అక్క పోయిన నాటి నుంచీ ఆ గది కిటికీ మూసే ఉంది. బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"లారీలు లేవు బావా. కిటికీ తీస్తాను" అని గడియ మీద చెయ్యి వేశాను.

"ఇంకొన్నాళ్ళు ఉండనీ అమ్మాయ్" అన్నాడు. "ఇందులో ఉన్నది మీ అక్క పీల్చి వదిలిన గాలి. తీస్తే పోతుంది."

గాలి అలా నిలవదని ఆయనకు తెలియదా? ఊళ్ళో అందరికంటే బాగా తెలుసు. గడియ వదిలేసి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.