హబ్బు పలకని రెండు రోజులు

ఈ సంగతి మొదట నా చెవిన వేసింది మా వీధిలో పూలమ్మే వదిన. గిద్దలూరులో చుట్టాల పెళ్ళికి పోయి వచ్చి, మర్నాడు పొద్దున్నే బుట్ట మా అరుగు మీద దించి, కనకాంబరాలు మూర వేస్తా చెప్పింది. అక్కడ మా మరిది ఇంటికి కూడా పోయిందంట. మా తోడికోడలు అత్తమ్మను కుర్చీలో కూచోబెట్టి, ముందర మైకు పెట్టి, ల్యాప్‌టాప్‌లో పాటలన్నీ రికార్డు చేస్తా ఉందంట.

"మీ అత్తకు ఇంత గొంతుందని నాకు తెలియనే తెలియదు వదినా. చిన్నామె చేతిలో పడినాక గదా బయటికొచ్చింది" అన్నది.

పూలు తీసుకుపోయి చెన్నకేశవస్వామి పటానికి వేసినాను గానీ, మనసు స్వామి దగ్గర లేదు. గిద్దలూరులో ఉంది.

మా అత్తమ్మకు ఇద్దరే కొడుకులు. ఆరు నెలలు మార్కాపురంలో మా దగ్గర, ఆరు నెలలు గిద్దలూరులో వాళ్ళ దగ్గర ఉంటుంది. నేను కాపురానికి వచ్చి ఇరవై ఏండ్లు. ఆమె కందులు చెరుగుతా, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తా పాడిన పాటలన్నీ నోటుబుక్కుల్లో రాసి పెట్టినదాన్ని నేను. బడి మొహం చూసినదాన్ని కాదు. నాయన పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అంచు విరిగి పక్కన పడేసిన పలకలు తెచ్చి, ఇంట్లోనే కూచోబెట్టి, తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేంత వరకు నేర్పినాడు. ఆయన పుణ్యాన వచ్చిన ఆ అక్షరాలతో నేను చేసిన పెద్ద పని ఏదన్నా ఉందంటే అత్తమ్మ పాటలు రాయడమే. ఇప్పుడు డిగ్రీ చదివిన మా తోడికోడలు, నేను చెల్లెలని పిలిచే పిల్ల, కాపురానికి వచ్చి ఐదేండ్లు నిండకముందే గొంతుతో సహా పట్టుకుంది. నా పుస్తకాల్లో మాటలున్నాయి, రాగం లేదు. ఆమె దగ్గర రెండూ ఉన్నాయి.

ఆ రోజంతా నా నోట్లో చేదు పోలేదు. చెల్లెలు నన్ను ఒక్క మాట అన్నదా అంటే లేదు. పండగకు చీర తెస్తే ముందు నన్నే ఎంచుకోమంటుంది. అట్లాంటి పిల్ల మీద కడుపు మండడం తప్పని తెలుసు. తెలిసినందుకు మంట తగ్గలేదు, ఇంకొంచెం ఎక్కువైంది.

పాటల్లో ఒకటుంది, దాన్ని మేము నడక పాట అంటాము. అత్తమ్మ పుట్టిల్లు దోర్నాల పక్క పల్లె. వాళ్ళమ్మ అడవి దారిలో శ్రీశైలానికి నడిచిపోయేటప్పుడు పాడిన పాట అది. మజిలీకి ఒక చరణం, మొత్తం పాడితే అరగంట పైనే. దాన్ని కూడా గిద్దలూరులో మైకు ముందర పాడేసిందేమోనని రాత్రీ పగలూ అదే దిగులు. ఫోన్ చేసి అడగడానికి నామోషీ. చివరికి మా ఆయనతో అడిగించినాను. ఆ ఒక్కటీ ఇంకా రికార్డు చేయలేదంట. స్వామికి దండం పెట్టుకున్నాను. ఎట్లాంటి దండమో ఆయనకే తెలుసు.

మా ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటుంది. ఏదో ఆఫీసు వాళ్ళు అమ్మేస్తా ఉంటే మా ఆయన కొన్నాడు. పెళ్ళి కార్డులు, అర్జీలు టైపు చేస్తాడు, నాకూ నేర్పినాడు. అత్తమ్మ వచ్చినాక నేనూ మైకు పెట్టి నడక పాటను దీంట్లో పట్టాలనుకున్నాను. దాని కీబోర్డు గుండ్రటి పిన్నుది, వెనకనే వేరే చోట గుచ్చుకుంటుంది. మౌస్ మాత్రం యూఎస్‌బీది. యూఎస్‌బీ బెజ్జాలు ముందువి రెండూ ఎప్పుడో చచ్చిపోయినాయి. వెనక ఉన్న రెండిట్లో ఒకదాని లోపలి నాలుక విరిగింది, ఒకటే మంచిది. అందులో మౌస్ పెడితే మైకు లేదు, మైకు పెడితే మౌస్ లేదు. మౌస్ లేకుండా కీబోర్డుతోనే నడిపే విద్య నాకు రాదు. అందుకని మైకుతో పాటు హబ్బు కూడా తెప్పించినాను. ఒక బెజ్జాన్ని నాలుగు బెజ్జాలు చేసే చిన్న పెట్టె అది. కొత్త వస్తువును స్వామికి చూపించకుండా మేము వాడం. ఎట్లాగూ దసరా దగ్గరికొచ్చింది గదా అని, ఆయుధ పూజలో పెట్టి, మళ్ళీ డబ్బాలో భద్రంగా దాచినాను. అత్తమ్మ దీపావళి దాటి వస్తుంది, అప్పటికి తీద్దామనుకున్నాను.

అంత దాకా ఆగలేదు. అత్తమ్మకు మిగిలిన పళ్ళు కూడా కదిలిపోయి చీము పట్టినాయి. మార్కాపురం డాక్టరు చూసి, సోమవారం అన్నీ తీసేయాల్సిందే అన్నాడు. శుక్రవారం సాయంత్రం మరిది ఆమెను మా ఇంట్లో దించిపోయినాడు. పళ్ళన్నీ పోయినాక, కట్టుడు పళ్ళు వచ్చినా, ఆ పాటలో మాటలు మళ్ళీ అట్ల పలకవని నాకు అర్థమైంది. శనివారం, ఆదివారం. అంతే ఉంది.

శనివారం దీపం పెట్టుకుని, అత్తమ్మకు వేణ్ణీళ్ళిచ్చి, హబ్బు తీసి మంచి బెజ్జంలో గుచ్చినాను. దాని మీద నీలం దీపం వెలిగింది. నాకెంత సంతోషం. మౌస్, మైకు తగిలించినాను. బాణం కదల్లేదు. తెర మూలన ఒక చిన్న చీటీ లేచింది. కూడబలుక్కుని చదివినాను. తగిలించిన వస్తువు పనిచేయడం లేదు, దాన్ని గుర్తించలేదు అని.

తీసి పెట్టినాను. మళ్ళీ అదే చీటీ. అన్నీ పీకేసి ఒట్టి హబ్బే పెట్టినాను. కంప్యూటర్ ఆపి, కరెంటు వైరు కూడా పీకి, అన్నం వార్చి వచ్చి మళ్ళీ పెట్టినాను. దీపం వెలుగుతుంది, గుర్తించనంటుంది. హబ్బు తీసి మౌస్ ఒక్కటే పెడితే, కాస్త తడబడి, రెండోసారి గుచ్చితే పనిచేసింది. దాంతో కంప్యూటర్ లోపలి వస్తువుల జాబితాలోకి పోయి, గుర్తించలేదని ఉన్న పేరును తీసేసి, మౌస్ పీకి మళ్ళీ హబ్బు పెట్టినాను. అట్ల తీసేస్తే తనే కొత్తగా వెతుక్కుంటుందని మా ఆయన చెప్పినాడు. వెతుక్కునింది, మళ్ళీ గుర్తించలేదు.

మా ఆయన కొన్న దుకాణంలో అడిగి వచ్చినాడు. హబ్బు కొత్తది, మీ కంప్యూటర్ ముసలిది, రెండిటికీ పొత్తు కుదరదు, కంప్యూటరే మార్చుకోండి అన్నాడంట దుకాణమాయన. "ఫోన్‌లో రికార్డు చేసుకోరాదా, దీనికింత రాద్ధాంతమెందుకు?" అన్నాడు మా ఆయన. చేసుకోవచ్చు. చక్కగా చేసుకోవచ్చు. కానీ అక్కడ మైకు పెట్టి, కుర్చీ వేసి పాడించుకుంటే, నేను ఫోన్‌లోనా? ఆయనతో మాత్రం ఫోన్‌లో ఫ్యాను చప్పుడు వస్తుందని చెప్పినాను.

అత్తమ్మ మంచం మీద కూచుని అంతా చూస్తా ఉంది. మధ్యలో చెంప పట్టుకుని, "అది నిన్ను గుర్తుపట్టడంల్యా? నేనూ అంతే, పొద్దున లేస్తానే ఏ ఇంట్లో ఉండానో గుర్తుపట్టను" అన్నది. నాకు నవ్వు రాలేదు. ఇది చిన్నదాని ఇల్లే అనుకుంటుందేమో అన్న ఆలోచన వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం, రేపు ఆసుపత్రిలో తోడు ఉంటానని చెల్లెలు ఒక్కతే రైలెక్కి వచ్చింది. స్టేషన్ నుంచి ఆటోలో దిగినప్పుడు భుజాన బ్యాగు. బ్యాగులో ఏముందో చూడకుండానే తెలిసింది. మంచినీళ్ళిచ్చినాను. హబ్బు కథ మా ఆయన నోటి నుంచి విన్నది.

"అక్కా, నా ల్యాప్‌టాప్ తెచ్చినాను. అందులో పాడిద్దామా?" అని అడిగింది.

పొయ్యి మీద పాలు చూడాలన్నట్టు లోపలికి పోయినాను. పొయ్యి మీద పాలు లేవు. తిరిగి వచ్చేసరికి బ్యాగు మంచం కిందికి తోసేసి ఉంది. ఆ పిల్ల కట్టుకున్న మంచి చీరతోనే కంప్యూటర్ వెనక బండల మీద బోర్లా పడుకుని, ఫోన్ లైటు వేసుకుని చూస్తా ఉంది.

హబ్బు వైరు కొసను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. గోటితో గీకింది. గోటికి పచ్చగా అంటింది.

"అక్కా, దీనికి పసుపు పెట్టినావా?"

పెట్టినాను. కొడవలికైనా, కత్తిపీటకైనా, మొద్దు వైపు పెట్టం గదా. పనిచేసే అంచుకే పెడతాము. సూదికైతే కొసకే. హబ్బులో పనిచేసేది ఏదో ఆలోచించి, గుచ్చే కొసకు గంధం, పసుపు కలిపి నిండుగా పూసి, కుంకుమ బొట్టు పెట్టినాను. తర్వాత పైపైన తుడిచినాను. లోపలిది గట్టిపడి అట్లనే ఉంది. నేను పదే పదే గుచ్చడంతో ఆ పొడి కంప్యూటర్ బెజ్జంలోకి కూడా పోయింది. మౌస్ తడబడింది అందుకే.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లోపల ఉన్న నాలుగు ఇత్తడి రేకులు చూపించి చెప్పింది. "బయటి రెండు రేకులు కరెంటుకు, మధ్య రెండు మాటకు. పసుపు మధ్యలో పేరుకుంది. అందుకే దీపం వెలుగుతుంది గానీ, హబ్బు తన పేరేందో చెప్పుకోలేకపోతా ఉంది." వాళ్ళింట్లో దసరాకు ల్యాప్‌టాప్ మూత మీద చిన్న బొట్టు పెట్టి సరిపెట్టిందంట. "నాకు నీ అంత భక్తి లేదక్కా, అందుకే నాది పనిచేస్తా ఉంది" అన్నది. అప్పుడు మటుకు ఇద్దరం నవ్వినాము.

కంప్యూటర్ ఆపించి, పుల్లకు దూది చుట్టి స్పిరిట్‌లో ముంచి, కొసను తుడిచింది, బెజ్జాన్ని తుడిచింది. దూది పచ్చబడడం మానిందాకా తుడిచింది. బాగా ఆరనిచ్చి పెట్టినాము. టింగుమని చప్పుడొచ్చింది. మౌస్ బాణం కదిలింది. మైకులో అత్తమ్మ దగ్గు వినపడింది. స్వామికి కృతజ్ఞత చెప్పుకున్నాను. చెల్లెలికి చెప్పాల్సింది చెప్పలేదు. నా కంప్యూటర్‌ను బాగు చేయడానికి కూడా ఆమే రావాల్సి వచ్చింది గదా.

అత్తమ్మను కుర్చీలో కూచోబెట్టినాము. నోటుబుక్కు పెట్టుకుని నేను కంప్యూటర్ ముందు, చెల్లెలు కింద అత్తమ్మ కాళ్ళ దగ్గర. పాట మొదలైంది. కదిలే పళ్ళతో, నొప్పితో, అయినా ఒక్కో మాట కడిగిన గింజ మాదిరి పడతా ఉంది. సగం దాటినాక, నిట్రమైన ఎక్కుడు, అంటే నిలువునా కొండెక్కే దారి, వచ్చే చరణం దగ్గర ఆమె ఆగిపోయింది. నేను గబగబా పుస్తకం తిప్పతా ఉన్నాను. ఆ పేజీ దొరికే లోపల చెల్లెలు మెల్లగా తొలి మాట పాడి అందించింది. అత్తమ్మ అందుకుని పోయింది. ఇంకొక చోట కూడా అంతే. గిద్దలూరులో రోజూ వంటింట్లో వింటా వింటా ఆ పిల్లకు నోటికి వచ్చేసిందంట. ఇరవై ఏండ్లుగా రాసినదాన్ని నేను, నాకు నోటికి రాలేదు. పుస్తకంలో ఉంది గదా అని మనసులో పెట్టుకోలేదు.

సోమవారం మా ఆయన, చెల్లెలు అత్తమ్మను ఆసుపత్రికి తీసుకుపోయినారు. నేను రాగి జావ కాస్తానని ఇంట్లో ఉండిపోయినాను. దగ్గులు, కుర్చీ చప్పుళ్ళు ఎట్ల కత్తిరించాలో ముందురోజు చెల్లెలే నేర్పించింది. దగ్గులు తీసేసినాను. ఆ తర్వాత ఆమె గొంతు వచ్చే రెండు చోట్లూ తీసేసినాను. జావ అడుగంటింది.

మంగళవారం చెల్లెలు ఊరికి పోయినాక, బుగ్గలు వాచి మూతికి గుడ్డ అడ్డం పెట్టుకున్న అత్తమ్మకు పాట వినిపించినాను. కండ్లు మూసుకుని వింటా ఉన్నది, ఎక్కుడు చరణం దగ్గర కండ్లు తెరిచింది.

"ఈడ తెగింది. చిన్నది అందించింది గదా, యాడ పోయింది?"

"నేనే తీసేసినాను అత్తా" అన్నాను. అబద్ధం చెప్పే ధైర్యం కూడా లేదు.

ఆమె కోప్పడలేదు. పళ్ళు లేని నోటితో, మాట మాటకూ ఆగుతా చెప్పింది. "నడక పాట ఒకరు పాడేది కాదు మే. ఎక్కుడులో రొప్పు వచ్చి ఒకరు ఆగిపోతారు. పక్కన నడిచేవాళ్ళు అందించాల. మా అమ్మకు నేను అందించినాను. అందించే గొంతు లేకుంటే ఆ పాట కొండ ఎక్కదు."

ఇన్ని పుస్తకాలు రాసినాను. ఏ మాట పక్కనా అందించేవాళ్ళు ఉంటారని రాసుకోలేదు. అడగనూ లేదు.

ముందు పట్టిన పాట, కోత పడనిది, స్వామి దయవల్ల వేరుగా అట్లనే ఉంది. దగ్గులతో సహా దాన్నే ఉంచినాను. గిద్దలూరుకు అదే పంపినాను. నేను కత్తిరించిన సంగతి చెల్లెలికి చెప్పలేదు, ఇక్కడ చదివితేనే తెలుస్తుంది. ఆమె మీద అసూయ పోయిందా అంటే, పోయిందని రాయలేను. ఆ చరణం వచ్చినప్పుడల్లా, అందించింది నేనై ఉంటే అనిపిస్తానే ఉంటుంది. అందుకే ఇప్పుడు కూరగాయలు తరిగేటప్పుడు పుస్తకం మూసిపెట్టి పాడుకుంటా ఉన్నాను. సగం దాకా వచ్చింది.

ఆ పాట ఇప్పుడు మా చుట్టాల ఫోన్లలో తిరుగుతా ఉంది. తిరిగి తిరిగి మీ దాకా వస్తే, అత్తమ్మ గొంతు మెచ్చుకునేవాళ్ళు ఎట్లాగూ ఉంటారు. సగం దాటినాక ఆమె ఆగిన చోట, ఒక చిన్న గొంతు ఒకే ఒక్క మాట పాడి తప్పుకుంటుంది. మంచి చీర కట్టుకుని వచ్చి మా బండల మీద బోర్లా పడుకున్న ఆ పిల్లను, అక్కడ ఒక్క క్షణం తలుచుకోండి.