సీసాకు పెట్టిన ఎండ

డెబ్బై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో చౌడేపల్లె రామాంజినమ్మ కుడిచేతి మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ లేచింది. అంతే, పక్కింటి కాంతమ్మ పాలచెంబు వేరే ఇంటికి తిరిగింది. పెద్దరోగమేనని వీధంతా తేల్చేసింది. వైద్యం తెలియనివాళ్లు ఆ వీధిలో ఒక్కరుంటే కదా! రెండావులను నమ్ముకుని బతికే మనిషి, పితికిన పాలు ఎవరికి పొయ్యాలి? దొడ్లో కూర్చుని కుళ్లి కుళ్లి ఏడ్చింది.

మొగుడు ఓబులప్ప ఆమెను బస్సెక్కించి మదనపల్లెలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ మచ్చను సూదితో గుచ్చింది.

"అబ్బా!" అంది రామాంజినమ్మ.

"నొప్పి తెలుస్తోంది కదా? కుష్టు మచ్చకు తెలియదు. ఇది కుష్టు కాదమ్మా, బొల్లి. ఎవరికీ అంటదు," అంటూ బావంచాల గింజల్లోంచి తీసిన మందు సీసా ఇచ్చింది. "ఈ మందుకు ఎండ తగిలితేనే పనిచేస్తుంది. రెండు నిమిషాలు చాలు. ఎక్కువైతే బొబ్బలెక్కుతుంది."

అంటదన్న మాటకే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మిగతాది సరిగా చెవికెక్కలేదు. బస్సు దిగగానే కాంతమ్మకు చెప్పింది. ఆమె వినిపించుకోలేదు.

ఊరగాయ జాడీకి ఎండ పెట్టే చెయ్యి కదా, రోజూ సీసాను గోడ మీద పెట్టి ఎండ చూపించేది. ఆపైన బొబ్బలకు భయపడి చీకటి మూలన కూర్చుని మందు పూసుకునేది. మచ్చ ఇసుమంతైనా తగ్గలేదు.

మళ్లీ మదనపల్లె. "ఎండ పెడుతున్నావా?" అంది డాక్టరమ్మ.

"రోజూ పెడతాండానమ్మా. సీసా బాగా కాగతాండాది."

డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది. "సీసాకు కాదు తల్లీ, మందు పూసిన మచ్చకు!"

"ఇంకా నయం, ఉప్పూ కారం కలపలా!" అన్నాడు ఓబులప్ప. రామాంజినమ్మకు సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఈసారి మందు పూసిన చేతినే ఎండకు చాపింది. కొన్ని నెలలకు మచ్చ నడుమ నల్లటి చుక్కలు లేచాయి. ఇదేం కొత్త రోగమో అని హడలిపోయి మళ్లీ బస్సెక్కింది.

"వెంట్రుకల మొదట్లోంచి రంగు తిరిగొస్తోందమ్మా. ఈ చుక్కలే ఒకదానితో ఒకటి కలుస్తాయి," అంది డాక్టరమ్మ. అమ్మయ్య! దారి పొడవునా ఆ చుక్కలనే చూసుకుంటూ ఇల్లు చేరింది.

చుక్కలన్నీ కలిసి మచ్చ మాయమయ్యాక, ఓ పొద్దున కాంతమ్మ చెంబుతో వచ్చి గడప దగ్గర నిలబడింది.

"ఇంక నీ చేతి పాలే పొయ్యి రామాంజినమ్మా."

"అంటేది కాదని ఆపొద్దే చెప్తిని గదక్కా. యాల వినలేదు నువ్వు?"

కాంతమ్మ తల దించుకుంది. రామాంజినమ్మ ఆ చెంబు అందుకుంది.

"పోనీలే, నేనూ డాక్టరమ్మ మాట సగమే వింటిని," అని చెంబు నిండా పాలు పోసింది.