ఎర్రగీత ఎటు జరిగింది

అన్న పోయిన మూడో నెలలో జమ్మలమడుగులో మా పుట్టింటి గోడ మీద ఎర్రగీత పడింది. వదిన ఫోన్ చేసి చెప్తే ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కాను. కోట చూడటానికి వచ్చే బస్సులు ఎక్కువయ్యాయని మా వీధిని వెడల్పు చేస్తున్నారు. పాత కోటను నలుగురూ చూడాలంటే, దానికి పోయే దారిలో ఉన్న పాత ఇళ్లు తప్పుకోవాలి. ఎవరికీ నష్టం లేదని మైకులో చెప్పారట. మైకులో చెప్పారంటేనే నాకు అనుమానం.

గీతను వీధికి రెండు వైపులా సమానంగా గీశారు. మా పక్కగోడ మీద అది ముందు గది అయిపోయే చోట ఉంది. గీతకు వీధి వైపున్నదంతా రోడ్డుకు పోతుంది. మిగిలేది వంటిల్లు, దొడ్డి. అన్న ఆ ముందు గదిలోనే కన్ను మూశాడు. వదిన ఇప్పటికీ అక్కడే పడుకుంటుంది. నష్టపరిహారం ఎంతిస్తారని ఆమె ఎవరినీ అడగలేదు. ఆ గది ఉంటుందా పోతుందా అని మాత్రమే అడిగింది.

నేనక్కడ ఉండగానే ఎదురింటి పెద్దాయన గడ్డపారలతో ఇద్దరు కూలీలను వెంటబెట్టుకొని వచ్చాడు. వదిన ఆయన్ను మామా అంటుంది. మా వాకిట్లో కొళాయి కింద బట్టలుతికే బండ ఉంది. దాన్ని తిరగేయమన్నాడు.

“ఏంది మామా ఇది?” అంది వదిన.

“గమ్మునుండమ్మా. మీ మామ దీన్ని బోర్లేసిన పొద్దు ఒక కొస పట్టుకున్నది నేనే.”

బండ తిరగబడింది. మట్టి కడిగితే కత్తి పట్టిన మనిషి, అతని కాళ్ల దగ్గర రెండు ఆవులు కనిపించాయి. పైన ఏవో అక్షరాలు, చదవడానికి వీల్లేకుండా అరిగిపోయి ఉన్నాయి. నేను పుట్టి పెరిగిన ఇల్లు అది. ఆ బండ కింద ఒక మనిషి ఉన్నాడని, దాన్ని బోర్లేసిన మా నాన్న కూడా నాకు చెప్పలేదు. పెద్దాయన రాయిని మా గోడకు ఆనించి నిలబెట్టించాడు. పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాడు.

“ఇన్నేండ్లు మీ గుడ్డలన్నీ వీపున మోసినాడు. ఇంగ మొక్కులు తీసుకోనీ. దేవుడుండే గోడ జోలికి ఎవురొస్తారు?”

కూలీలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రోడ్డుకు కావలసిన వెడల్పు ఎటునుంచో ఒకవైపు నుంచి రావాలి. మా వైపు తగ్గితే ఆయన వైపు పెరుగుతుంది. తన ఇంటి మీదికి తానే రోడ్డును పిలుచుకునే మనిషి ఉంటాడా? ఆ మాటే ఆయన్ను అడిగాను.

“నీవు శానా చదివినావు కదమ్మా. అందుకే నీకన్నీ అనుమానాలు,” అని టెంకాయ చిప్ప నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

“ఆయనకేం లాభం వదినా?”

“యాడన్నా ఉంటాదిలే. ఆ చిప్ప ఈడియ్యి, పచ్చడి చేస్తా.”

వారం తిరిగేసరికి వీధిలోని ఆడవాళ్లు రాయి ముందు దీపాలు పెట్టడం మొదలుపెట్టారు. ఒకామె తన మోకాలి నొప్పి తగ్గిందని చెప్పింది. ఆ మోకాలిని కూడా నేను నమ్మలేదు. ఎవరో పేపరులో ఫొటో వేయించారు. అది చూసి, పాత కట్టడాల సంగతి చూసే కార్యాలయం నుంచి ఒక యువకుడు వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు విప్పి, మెత్తటి బ్రష్షుతో పసుపు తుడిచాడు.

“ఇది దేవుడు కాదమ్మా, వీరగల్లు. పశువుల్ని దొంగలు తోలుకుపోతుంటే అడ్డంపడి చనిపోయిన మనిషి కోసం ఊరివాళ్లు వేయించిన రాయి.”

“చచ్చిపోయినోడే కదా సార్,” అంది వదిన. “అయితే మాకు ఇంగా దగ్గరోడు.”

ఆ అబ్బాయి మళ్లీ బ్రష్షు అందుకున్నాడు.

రాయిని మ్యూజియానికి తీసుకుపోతాడేమోనని భయపడ్డాం. తీసుకుపోలేదు. రాయి, దాని వెనక గోడ, ఆ గోడ మోస్తున్న మట్టి మిద్దె, మూడూ సర్వే అయ్యేదాకా ఉన్నవి ఉన్నట్టే ఉండాలని బోర్డు పెట్టించాడు. సర్వే ఎప్పుడని అడిగాను. “ప్రాసెస్‌లో ఉంది మేడం,” అన్నాడు. గది దక్కిందని వదిన ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నది. నాకు మాత్రం ఆ బోర్డు మీది అక్షరాలు రాతి మీది అక్షరాలకంటే ఎక్కువ అనుమానంగా కనిపించాయి.

నెల తర్వాత కొత్త గీతలు పడ్డాయి. మా వైపు ఏమీ లేదు. అవతలి గీత పెద్దాయన ఇంటి వెనక గోడ దాటి పోయింది. నేను వెళ్లేసరికి ఆయన టెంపోలోకి సామాను ఎక్కిస్తున్నాడు. ముఖంలో దిగులు లేదు.

“యాడికి పోతాండావు పెద్దనాయనా?” అన్నాను.

“పులివెందులకు, కూతురి దగ్గరికి. ముందర సగం పోయి ఎనక సగం మిగిలితే ఏం చేసుకోవల్లమ్మా? అమ్మేకి రాదు, అద్దెకిచ్చేకి రాదు. అంతా పోతేనే ఊరి బయట స్థలమిచ్చేది. దాన్ని అమ్ముకొని పోతాండా.”

“అంటే మా గది కోసం కాదన్నమాట.”

“మీ అన్నంటే నాకు ప్రేమ లేదనుకుంటాండావా? రెండూ ఉండాయమ్మా.”

రెండింటిలో ఏది ముందో ఆయన చెప్పలేదు. నాకు ఇప్పటికీ తెలియదు. వదినకు ఈ సంగతి మొదటి నుంచీ తెలుసునని మాత్రం తర్వాత తెలిసింది. “తెలిస్తే ఏం? నా గది నాకుండాది, ఆయన స్థలం ఆయనకొచ్చింది,” అంది.

మాది మట్టి మిద్దె. అన్న ఏటా వానలకు ముందు పైన చౌడు పరిచేవాడు. ఆ ఉప్పుమట్టి పరిస్తే నీళ్లు కిందికి దిగవు. చౌడు తవ్వుకొచ్చే చోట ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతారు. అందుకే ఈ ఏడు మిద్దె తీసేసి సిమెంటు కప్పు వేయించాలని అన్న, వదిన ముందే అనుకున్నారు. ఇప్పుడు దాన్ని ముట్టకూడదు. ఆ యువకుడికి ఫోన్ చేశాను. ఫైలు పైకి పంపామన్నాడు. పాతదాన్ని కాపాడేవాళ్లు, దాన్ని ఏటేటా కాపాడుతూ వచ్చిన పని గురించి ఒక్క ముక్క అడగలేదు.

మొదటి వానకే మిద్దె మంచం మీదికి కారింది. వదిన పడక వంటింట్లోకి మార్చింది.

“నాతో ప్రొద్దుటూరు రా వదినా,” అన్నాను.

“గది పోయుంటే వచ్చేదాన్నమ్మే. ఇప్పుడు గది ఉండాది కదా, దాన్నిడిసి యాడికొచ్చేది?”

అని ముందు గది తలుపు దగ్గరికేసి, లోపల నీళ్లు పడుతున్న చప్పుడు వినపడకుండా టీవీ సౌండు పెంచింది.