వీపు రాయి

ఆ మ్యూజియం అధికారి చాలా చదువుకున్నవాడంటారు. నాకు మాత్రం ఆయన వేళ్లే గుర్తున్నాయి. ఏది ముట్టుకున్నా వెంటనే వాటిని వాసన చూసుకునేవాడు. ఆ అలవాటును ఈనాటికీ క్షమించలేదు నేను.

కరీంనగర్‌లో 'శరీరం, శుభ్రత' అని ఓ గది పెడుతున్నామంటూ శ్రీరాంపూర్‌లోని మా ఇంటికి వచ్చాడు. బొగ్గు బాయి నుంచి రాగానే మా బాపు వీపును నన్ను కన్న అవ్వ రుద్దిన గరుకు రాయి కావాలన్నాడు. బాపు పోయి అప్పటికి ఏడాది. మీకంటే పదిలంగా దాస్తామంటే నమ్మి, అవ్వ దాన్ని కొంగులో పట్టుకొచ్చి ఇచ్చింది. ఆయన అందుకుని, వేళ్లు వాసన చూసుకుని, మొహం చిట్లించాడు.

గది తెరిచిన రోజు అవ్వను తీసుకెళ్లాను. వేపపుల్లల పక్కన, అద్దాల పెట్టెలో మా రాయి తెల్లగా మెరుస్తోంది.

"గీ రాయిల బొగ్గు ఏమైంది సారూ?" అని అడిగింది అవ్వ.

"ఎంత మురికమ్మా అది! రెండు రోజులు నానబెట్టి బ్రష్షుతో తోమించాను."

"మురికి గాదు సారూ, మా ఆయన పెయ్యి మీది, వీపు మీది బొగ్గు. గా బొగ్గు గూడ కడిగి పారబోస్తిరా?"

అవ్వ అద్దం మీద అరచెయ్యి ఆనించింది. మరకలు పడతాయంటూ ఆయన ఆ చేతిని పట్టి పక్కకు జరిపాడు.

తర్వాత వేళ్లు వాసన చూసుకున్నాడు.