ఆకుపచ్చ రంగు అంటిన పన్నెండో విజిల్

అది 1994. తిరుమలగిరిలో నాది చిన్న వాయిద్యాల రిపేరు దుకాణం. పెళ్ళి బ్యాండు వాళ్ళ బాకాలు, చర్చి హార్మోనియాలు, మిలిటరీలో రిటైరైన వాళ్ళ క్లారినెట్లు, అన్నీ నా బల్ల ఎక్కి దిగినవే. కానీ ఒక్క కేసు చెప్పమంటే మాత్రం నాకు ఇప్పటికీ హుషారు ఆగదు. అది యుద్ధం కేసు. అందులో ఆయుధాలు టిన్ విజిళ్ళు!

టిన్ విజిల్ అంటే పోలీసు ఈల కాదు. జానెడున్నర రేకు గొట్టం, ఆరు రంధ్రాలు, ఊదే చోట ప్లాస్టిక్ మూతి. నేర్చుకునేవాడికి సులువే. వినేవాడికే మొదటి ఆరు నెలలూ కష్టం.

ఆ బుధవారం గ్రేస్ టీచరు వచ్చి పదకొండు విజిళ్ళు బల్ల మీద పోసింది. ఆమెది కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. అల్వాల్‌లో ఒక స్కూల్లో సంగీతం చెప్పేది.

“యాదగిరి గారూ, శనివారం స్కూల్ డే అండి. ఈలోగా సొట్టలు తీసెయ్యాలి. ఇవి ఎలా పాడయ్యాయో కూడా మీరు కాయితం మీద రాసివ్వాలంట. పిల్లలు కొట్టుకున్నారని తేలితే విజిల్ క్లాసు ఎత్తేస్తానన్నారు మా ప్రిన్సిపాల్ గారు. క్లాసు పోతే నా ఉద్యోగమూ పోయినట్టేనండి.”

“ఆగుండ్రి టీచరమ్మా, జెర సూడనియ్యుండ్రి.”

అలవాటు చొప్పున కిరసనాయిలు గుడ్డతో పదకొండింటినీ తళతళలాడేలా తుడిచి వరసగా పేర్చాను. సొట్ట చూసి దెబ్బ చెప్పగలనని నాకు మహా గర్వం. పైగా ఇలాంటి ఆయుధాగారం నా దుకాణానికి ఎన్నడూ రాలేదు. విజిల్ కత్తిగా పనికిరాదు, పొడిస్తే మూతి ఊడొస్తుంది. చింతగింజ పెట్టి ఊదితే గాలంతా రంధ్రాల్లోంచే పోతుంది. లాఠీగా తిప్పితే ఒక్క దెబ్బ దక్కుతుంది, రెండో దెబ్బకి వంకర పొట్లకాయే!

“అన్నీ లాఠీ దెబ్బలే! పిల్లలు మస్తు కొట్టుకున్నరు టీచరమ్మా, పెద్ద జంగే అయింది!” అని పకపకా నవ్వాను.

ఆమె నవ్వలేదు. గోడ మీద సిందూరం పూసిన హనుమంతుడి పటం వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హ్యాండ్‌బ్యాగులోంచి పన్నెండో విజిల్ తీసింది. అది సరిగ్గా మధ్యకి వంగిపోయి ఉంది.

“పిల్లలు కొట్టుకోలేదండి. కొట్టింది నేను. సోమవారం భోజనాల టైములో వరండాలోకి చెవి చిరిగిన కోతొకటి దూరి, ఎల్‌కేజీ పిల్ల టిఫిన్ బాక్సు పట్టుకు లాగింది. కళ్ళు గట్టిగా మూసుకుని దీంతో ఒక్కటేశాను. ఠంగుమంది. కళ్ళు తెరిచేసరికి కోతి లేదు. నా వెనకొచ్చిన పిల్లలేమో విజిళ్ళతో గ్రిల్లుని ఒకటే బాదుడు! ఎవరికీ చెప్పబోమని ఒట్టేశారు పాపం. అది ఎక్కడికో పోయి చచ్చిపోయుంటుందండి. అప్పట్నించీ నాకు ముద్ద దిగట్లేదు. మా పిల్లల తల్లిదండ్రుల్లో సగం మంది ఆంజనేయస్వామి భక్తులు. క్రైస్తవురాలు కోతిని చంపిందంటే ఏమనుకుంటారు?”

“కోతి మీద పడితే ఠంగుమంటదా టీచరమ్మా?” అంటూ విజిల్ అందుకున్నాను. వంపు దగ్గర గోరంత పెచ్చు, ఆకుపచ్చ రంగుది. గబుక్కున నా గుడ్డ విప్పి చూశాను. దాని నిండా ఆకుపచ్చ నలుసులే. పదకొండు సాక్ష్యాలను నా చేత్తోనే తుడిచేశాను! సిగ్గేసింది.

“మీ గ్రిల్లు రంగేంది?”

“ఆకుపచ్చండి.”

“షట్టర్ దించుతున్న. నడువుండ్రి, స్కూల్‌కి వోదాం!”

వరండా గ్రిల్లు మీద, పిల్లలు బాదిన గీతలకు పైన, ఆమె భుజం ఎత్తులో, ఒకచోట రంగు లేచిపోయి ఇనుము కనిపిస్తోంది. పన్నెండో విజిల్ వంపు అక్కడ పెడితే అచ్చు గుద్దినట్టు అమరింది. నాకు గంతెయ్యాలనిపించింది. అప్పుడే ప్రిన్సిపాలమ్మ బయటికొచ్చి, “ఏం జరుగుతోంది ఇక్కడ?” అంది.

గ్రేస్ టీచరు ఆమెను చూడనే లేదు. ప్రహరీ మీద కూర్చుని పేలు చూసుకుంటున్న కోతిని చూస్తోంది.

“అదేనండీ! చెవి చిరిగినదే! బతికే ఉంది!” అని అరిచేసింది. తర్వాత కథంతా నవ్వుతూ, ఏడుస్తూ తనే చెప్పేసింది.

ప్రిన్సిపాలమ్మ ముందు అడిగింది ఒకటే. “పాపకేం కాలేదు కదా?”

“కాలేదండి.”

“మరి నాకు చెప్పడానికేం? క్లాసు ఎక్కడికీ పోదు. కోతులు దూరకుండా ఈ గ్రిల్లుకి జాలీ కొట్టిద్దాం.”

విజిళ్ళు ఇనుప గ్రిల్లుకి కొట్టుకుని వంగాయని, ఎవరికీ దెబ్బ తగల్లేదని అక్కడే రాసి సంతకం పెట్టాను. రెండు రోజులు మాండ్రెల్ ముందే కూర్చున్నాను. మాండ్రెల్ అంటే గొట్టంలోకి దూర్చే నున్నటి ఉక్కు కడ్డీ, దాని మీద చెక్క సుత్తితో తడితే సొట్ట పైకి లేస్తుంది. శనివారం పన్నెండూ మోగాయి. మొదటి హెచ్చు స్వరానికే చెవి చిరిగిన కోతి గోడ దూకి పారిపోయింది. అసలు ఆయుధం ఏదో నాకప్పుడు తెలిసింది.

అయినా ఆ కేసు తలచుకుంటే నా నవ్వే నాకు గుచ్చుకుంటుంది. పన్నెండోది ఆమె బ్యాగులోంచి తియ్యకపోతే, పిల్లలు కొట్టుకున్నారనే రాసిచ్చేవాణ్ణి. ఇప్పుడు నా బల్ల మీద గుడ్డ ఉండదు. నాలుగడుగుల అవతల మేకుకి వేలాడుతుంది. వచ్చిన వాయిద్యాన్ని ఇంకోసారి తిప్పి చూశాకే ఆ గుడ్డ కోసం లేస్తాను.