పై బెర్తులో ఉక్కపోత

చలికాలంలో పాప్‌టాప్ వ్యాన్‌ని, అంటే కప్పు పైకి లేపి లోపల పడుకునే వ్యాన్‌ని, వెచ్చగా ఉంచడం ఎలాగో న్యూజిలాండ్‌లో ఎవరినైనా అడిగి చూడండి. పాలు కొనే డెయిరీలో అడిగినా, పెట్రోలు బంకులో అడిగినా, పక్కింటి ముసలాయన్ని కంచె మీదుగా అడిగినా ఒకటే జవాబు: "ఇంకో జెర్సీ తొడుక్కో." ఇళ్ళకీ ఇదే వైద్యం. ఇన్వర్‌కార్గిల్‌లో మేం మొదట అద్దెకున్న ఫ్లాట్‌లో కొబ్బరినూనె సీసా ఏప్రిల్‌లో గడ్డకడితే నవంబరులో కరిగేది. మధ్యలో తలకి రాసుకోవాలంటే స్క్రూడ్రైవర్‌తో చెక్కుకోవాలి. నేల తెల్లగా మంచు పట్టిన పొద్దున చెడ్డీలేసుకుని చెత్తడబ్బా బయటపెట్టే ఈ జనాన్ని చలి గురించి సలహా అడగడం కన్నా పెంగ్విన్‌ని అడగడం నయం.

నా వ్యాన్ జపాన్‌లో పుట్టి, ఇక్కడ కొందరు యజమానుల చేతుల్లో నలిగి, చివరికి నా పాలబడింది. దాని గొప్పంతా నెత్తిలో ఉంది. కొక్కేలు విప్పి తోస్తే కప్పు పైకి లేచి నిలబడుతుంది. అప్పుడు లోపల నిటారుగా నిలబడొచ్చు, పైన ఇద్దరు పడుకునే పలక కూడా ఏర్పడుతుంది. కింద సీట్లు పరిస్తే మరో ఇద్దరికి చోటు. అయితే లేచిన కప్పుకీ వ్యాన్ ఒంటికీ మధ్య చుట్టూ ఉండేది రేకు కాదు, గుడ్డ. గొడుగు గుడ్డ కన్నా కాస్త దళసరి. జనవరిలో, అంటే ఇక్కడి ఎండాకాలంలో, ఆ పై బెర్తు స్వర్గం. జూలైలో అక్కడ పడుకోవడమూ, కరెంటు స్తంభం ఎక్కి దుప్పటి కప్పుకోవడమూ ఒకటే.

మా ఆవిడ రెండు చలికాలాలు ఓర్చుకుంది. మూడో ఏడు జూన్‌లో ఒక ఆదివారం తనంతట తానే వ్యాన్‌ని కడిగి తుడిచింది. దారిలోకి వచ్చిందని మురిసిపోయాను. తుడిచాక చుట్టూ తిరిగి ఫొటోలు తీసింది.

"ఎందుకే ఇన్ని ఫొటోలు?"

"అమ్మకానికి పెట్టొద్దా మరి? ఒక్క ట్రిప్పు చూస్తానండీ. ఈసారి గనక నాకు చలేసిందంటే, ఇంటికొచ్చిన పూటే ఇంటర్నెట్‌లో పెట్టేస్తా. మీరు ఏడ్చినా సరే."

అలా నా వ్యాన్ బతుకు మా ఆవిడ అరికాళ్ళ మీద ఆధారపడింది.

ఇది చాలదన్నట్టు, ఉత్తరాన పాపకూర అనే ఊరి నుంచి మా తోడల్లుడు ఫోన్ చేశాడు. వదినా తనూ స్కూలు సెలవుల్లో వస్తున్నారట, నలుగురం వ్యాన్‌లో సరస్సు ఒడ్డునున్న టె అనౌ వెళ్దామట. ఈయన గురించి కాస్త చెప్పాలి. గోడౌన్లకి ఏసీలు బిగించే కంపెనీలో సూపర్‌వైజర్. అంచేత వేడి, చలి అనే రెండు వస్తువుల మీదా సర్వహక్కులూ తనవేనని నమ్మకం. టీ వేడిగా ఉందని మనం అంటే, ఎంత వేడిగా ఉందో, ఎందుకు ఉందో, ఎంతసేపు ఉంటుందో చెప్పి చల్లారిపోయాక తాగనిస్తాడు. నాకన్నా రెండేళ్ళు పెద్దవాడు, పైగా పెద్దల్లుడు. మా అత్తగారింట్లో ఆయన గ్లాసుకి ఎప్పుడూ కింద సాసరుండేది. నా గ్లాసుకి నా అరచెయ్యే.

వ్యాన్ చూడగానే నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "తమ్ముడూ, వేడి ఎటు పోతుంది?"

"మీరే చెప్పండి అన్నయ్యా."

"పైకి పోతుంది. కింద ఫ్యాన్ హీటర్ పెడితే వేడంతా ఎక్కడికి చేరుతుంది? పై బెర్తుకి. పైనే మనం పడుకుంటాం. అక్కాచెల్లెళ్ళు కింద కబుర్లు చెప్పుకుంటూ పడుకుంటారు."

వేడి పైకి పోతుంది, నిజమే. పోయి అక్కడ ఆగుతుందని ఈయనకి ఎవరు చెప్పారు? గుడ్డలోంచి దూరి సరస్సు మీదికి షికారు పోతుంది. రెండు చలికాలాలూ మా ఆవిడని కింద పడుకోబెట్టి పైన పడుకున్నది నేనే కాబట్టి నాకు తెలుసు. తెలిసినా చెప్పలేదు. పైన చలని నేనంటే పక్కనే ఉన్న మా ఆవిడ వింటుంది. వింటే ఫొటోలు ఇంటర్నెట్‌కి ఎక్కుతాయి. అదీగాక, పెద్దల్లుడుగారు బిగుసుకుపోవడం చూసే భాగ్యం మళ్ళీ మళ్ళీ రాదు.

టె అనౌలో వ్యాన్లు నిలిపే క్యాంపులో కరెంటు ప్లగ్గు ఉన్న చోటు తీసుకుని కప్పు లేపాం. పడుకునే ముందు ఆయన గుడ్డకున్న జిప్పులన్నీ బిర్రుగా బిగించాడు. సందుల్లోంచి గాలి దూరితే జలుబు చేస్తుందట. సీలుపెట్టిన డబ్బాలో నాలుగు ప్రాణాల ఊపిరి. ఆ రాత్రి గురించి ఎక్కువ చెప్పను, చెప్పినా నమ్మరు. ఊపిరి వదిలితే అది కప్పుకి తగిలి, గడ్డకట్టి, టక్కుమని తిరిగి నా నుదుటి మీదే పడింది. ఆయన పళ్ళు టైపు మిషన్ కొట్టినట్టు కొట్టుకుంటున్నాయి. "ఏంటన్నయ్యా, చలా?" అని అడిగితే, "లేదు తమ్ముడూ, జపం," అన్నాడు.

తెల్లారేసరికి గుడ్డంతా చెమ్మ, ఆయన మీసం మీద తెల్లటి నూగు. కిందికి దిగడానికి మోకాళ్ళు వంగక, బీరువా దించినట్టు ఆయన్ని నేను దించాల్సి వచ్చింది. కింద అక్కాచెల్లెళ్ళు హీటర్ ముందు కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నారు.

"కింద పర్లేదు గానీ ఆ హీటర్ మోత భరించలేం," అంది మా ఆవిడ. "బావా, పైన ఎలా ఉంది?"

ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. చలేసిందంటే ఆయన సిద్ధాంతం పోతుంది, నా వ్యాన్ పోతుంది.

"ఉక్కపోతమ్మా," అన్నాడు. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. "వేడి పైకే కదా పోతుంది."

"చెమటలు పట్టాయి," అన్నాను నేను. గుడ్డ మీంచి కారి తడిసిన చొక్కా సాక్ష్యంగా చూపించాను.

వదిన గ్లాసు కింద పెట్టింది. "అలాగైతే ఈ రాత్రి మేమిద్దరం పైన పడుకుంటాం. మగాళ్ళిద్దరూ వెచ్చటి చోటు చూసుకుని మమ్మల్ని కింద పారేశారన్నమాట! ఏమయ్యా మరిదీ, ఇదేనా మర్యాద?"

పాలు తెస్తామని చెప్పి ఇద్దరం ఊళ్ళోకి నడిచాం. నడుస్తున్నంతసేపూ ఆయన మాట్లాడలేదు. ఆయనతో నా పాతికేళ్ళ చుట్టరికంలో అంత ప్రశాంతమైన నడక అదే.

"అన్నయ్యా," అన్నాను చివరికి, "మా ఆవిడ పైకెక్కి వణికిందంటే నా వ్యాన్ పోయినట్టే. మీ సంగతి అంతకన్నా ఘోరం. వదిన ఈ ముచ్చట పాపకూరలో ప్రతి పేరంటంలోనూ చెబుతుంది."

"అసలు సమస్య ఏంటంటే తమ్ముడూ, ఆ గుడ్డకి ఇన్సులేషన్ విలువ..."

"సమస్య నాకు తెలుసు. రాత్రంతా పక్కనే పడుకున్నాను."

హార్డ్‌వేర్ షాపులో కారు అద్దాలకి అడ్డం పెట్టే వెండిరంగు షీట్లు ఉన్నన్నీ తీసుకున్నాం. స్పాంజి చాపలు, బట్టల క్లిప్పులు, పెద్ద తార్పాలిన్. పాత సామాన్ల కొట్లో ఉన్ని దుప్పట్లు, వేడినీళ్ళు పోసుకునే రబ్బరు సంచులు. ఇవన్నీ ఎందుకని కొట్టావిడ అడిగితే, వ్యాన్‌లో చలి అని చెప్పాను. ఆవిడ జెర్సీల గుట్ట వైపు వేలు చూపించింది.

ఆడవాళ్ళు సరస్సు ఒడ్డుకి వెళ్ళగానే పని మొదలుపెట్టాం. గుడ్డకి లోపలి వైపు చుట్టూ షీట్లు క్లిప్పులతో బిగించాలి. ఆ మెరిసే ముఖం లోపలికుండాలని నేను, బయటికుండాలని ఆయన. పెళ్ళిలో లాంఛనాల దగ్గర కూడా ఎవరూ ఇంత పట్టుబట్టి ఉండరు.

"తమ్ముడూ, నేను ముప్ఫయ్యేళ్ళుగా..."

"మీరు ముప్ఫయ్యేళ్ళుగా చల్లబరుస్తున్నారన్నయ్యా. ఇప్పుడు కావలసింది వెచ్చబరచడం."

మెరిసే ముఖం లోపలికే పెట్టాం. పరుపు కింద స్పాంజి చాపలు వేశాం, ఆ పలకలోంచి కూడా చలి వీపుకి తగులుతుంది కాబట్టి. కప్పు మీంచి తార్పాలిన్ కప్పి నాలుగు మూలలా తాళ్ళు కట్టాం. ఒక్క చోట మాత్రం ఆయనతో నిజంగానే తగువైంది. ఊపిరి బయటికి పోకపోతే మళ్ళీ లోపల వాన కురుస్తుందని నేను ఒక జిప్పు బెత్తెడు తెరిచాను. ఆయన మూశాడు. నేను తెరిచాను. ఆయన మూశాడు.

"వదిన ముక్కు మీద నీళ్ళచుక్క పడితే మీరే సమాధానం చెప్పుకోండి," అన్నాను.

ఆయనే తెరిచాడు. గ్యాస్ పొయ్యి లోపల వెలిగించి వెచ్చబడదామన్న తెలివి మాత్రం మా ఇద్దరికీ రాలేదు. వచ్చుంటే ఇది రాయడానికి నేనుండేవాణ్ణి కాదు.

చీకటి పడ్డాక అక్కాచెల్లెళ్ళు మహారాణుల్లా పైకెక్కారు. ఈ మెరుపులేంటని అడిగితే, మీ రాకకి అలంకారమని చెప్పాం. ఉన్న దుప్పట్లన్నీ పైకే వెళ్ళాయి. వేడినీళ్ళ సంచులు కూడా. మాకు మిగిలింది ఒక పల్చటి దుప్పటి, రెండు కోట్లు, హీటర్. పైనుంచి వదిన గొంతు వినిపించింది: "మరిదీ, ఆ హీటర్ కట్టెయ్యి బాబూ, గుర్రుమంటోంది."

కట్టేశాను. దుప్పటికి చెరో అంచూ పట్టుకుని తోడల్లుళ్ళం ఇద్దరం తెల్లవార్లూ న్యాయంగా లాక్కున్నాం.

ఇక నా పరీక్ష పొద్దున. నిచ్చెన మీద ముందు మా ఆవిడ పాదాలు కనిపించాయి. మేజోళ్ళు లేవు. ఏ కోపంలో విప్పి పారేసిందో! తరవాత ముఖం కనిపించింది, ఎర్రగా, ఉబ్బి, సుఖంగా.

"మధ్యలో స్వెటర్ తీసేశానండీ," అంది. "అక్క అయితే గురక పెట్టి నిద్రపోయింది."

"నేనెక్కడ పెట్టానే? నువ్వే పెట్టావ్," అంది పైనుంచి వదిన. "ఏవండీ, మీ మాట ఒక్కటి నిజమైంది. వేడి పైకే పోతుంది."

తోడల్లుడు ఛాతీ విరిచాడు. తాళ్ళు కట్టి కట్టి నా వేళ్ళు బొబ్బలెక్కితే, ఆ ఛాతీ విరుచుకోవడం చూడండి! అయినా ఊరుకున్నాను. వ్యాన్ బతికింది.

"అయితే అమ్మకం లేనట్టేగా?" అని అడిగాను, గొంతులో ఆశ కనపడకుండా.

"ఛఛ, అమ్మడమేంటి! అక్కా నేనూ మాట్లాడేసుకున్నాం. ఆగస్టులో డునెడిన్ వెళ్తున్నాం. ఇద్దరమే. నలుగురికి ఇరుకండీ, ఇద్దరికైతే సుఖంగా సరిపోతుంది."

"మరి మేము?" అన్నాడు తోడల్లుడు.

"మీకు ఇళ్ళున్నాయిగా బావా," అంది మా ఆవిడ. చెప్పులేసుకుని వ్యాన్ చుట్టూ ఒకసారి తిరిగి, వెనక్కొచ్చి నా ముందు నిలబడింది. "ఈ నీళ్ళ ట్యాంకు ఎక్కణ్ణుంచి నింపుతారో ఒకసారి చూపించండి."

తోడల్లుడు గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు. "చూడమ్మా, నీళ్ళనేవి ఎప్పుడూ..."

"మీరు కాస్త పక్కకి జరగండి బావా," అంది మా ఆవిడ. "మూత కనబడటం లేదు."